మాటలేని గదిలో మాట్లాడే చేతులు

మొన్న సంక్రాంతి సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు ఉయ్యూరు బస్టాండులో మన కాలేజీ లెక్చరర్ గారొకరు కనిపించారు. "హైదరాబాదులో ఏం చదువుతున్నావమ్మా?" అన్నారు. "చిత్రకళ సార్. ఈ ఏడాది ఒక వీడియో ఇన్‌స్టలేషన్ తయారు చేస్తున్నాను" అన్నాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని, క్షణం సేపు నా మొహంలోకి చూసి, తలని ఆ పక్కకీ ఈ పక్కకీ మెల్లగా ఊపి, "మంచిది, మంచిది" అన్నారు. నోటితో అన్నది ఆ ఒక్క మాటే. "నాకేమీ బోధపడలేదు గానీ, నువ్వు వృద్ధిలోకొస్తే అంతే చాలు" అన్న మిగతా వాక్యమంతా తల చెప్పేసింది.

నా ఇన్‌స్టలేషన్ సరిగ్గా ఆ మిగతా వాక్యం గురించే. బస్టాండులో ఇదంతా చెప్పటానికి తీరిక చాలలేదు. యూనియన్ మిత్రులు సావనీరుకి వ్యాసం రాయమన్నారు కనుక, ఆ రోజు సార్‌కి బాకీపడిన జవాబు ఇక్కడ తీర్చుకుంటున్నాను.

ఇంతకీ వీడియో ఇన్‌స్టలేషన్ అంటే ఏమిటి?

గోడకి టీవీ తగిలిస్తే ఇన్‌స్టలేషన్ అయిపోతుందా అని మా ఇంట్లోనే అడిగారు. కాదు. సినిమాకి వెళితే మనం ఒక కుర్చీలో కూర్చుంటాం. ఒకటే తెర. మొదలూ చివరా దర్శకుడి చేతిలో ఉంటాయి. ఇన్‌స్టలేషన్‌లో గది మొత్తం బొమ్మే. తెరలు రెండుండవచ్చు, పదుండవచ్చు. బొమ్మ గోడ మీద పడవచ్చు, నేల మీద పడవచ్చు, నీళ్ల మీదైనా పడవచ్చు. చూసేవాళ్లు నడుస్తూ చూస్తారు. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు వెళ్లిపోవాలో వాళ్లిష్టం. మన ఊరివాళ్లకి చెప్పాలంటే వీరమ్మ తల్లి తిరునాళ్ల వంటిది. తిరునాళ్లకి మొదటి సీనూ ఆఖరి సీనూ ఉండవు గదా! ఎటునుంచి వచ్చినవాళ్లకి అటునుంచే మొదలవుతుంది. మనం అందులో తిరగడం కూడా తిరునాళ్లలో భాగమే.

ఈ కళకి పెద్ద వయస్సేమీ లేదు. 1963 మార్చిలో జర్మనీలోని వుపెర్టాల్ పట్నంలో నామ్ జూన్ పైక్ అనే కొరియా కళాకారుడు కొన్ని టీవీ సెట్ల లోపలి సర్క్యూట్లు మార్చి, వంకర తిరిగిన బొమ్మలతో ఒక ప్రదర్శన పెట్టాడు. ఆ దశాబ్దం చివరికి ఒక మనిషి మోయగలిగే సోనీ పోర్టాపాక్ వీడియో కెమెరా బజారులోకి రావడంతో, స్టూడియోల చేతిలో ఉన్న బొమ్మ కళాకారుల చేతికి వచ్చింది. 1974లో అదే పైక్ 'టీవీ బుద్ధ' చేశాడు. ఒక బుద్ధ విగ్రహం, ఎదురుగా ఒక టీవీ, టీవీ వెనక ఒక కెమెరా. కెమెరా విగ్రహాన్ని చూస్తోంది, ఆ బొమ్మ టీవీలో పడుతోంది, బుద్ధుడు తన్ను తానే చూసుకుంటున్నాడు. అంతే. ఒక్క మాట లేదు. కానీ ఆ ముందు నిలబడినవాడికి ధ్యానమా, అద్దంలో చూసుకోవడమా అన్న ప్రశ్న రాక మానదు.

మన దేశంలో ఈ దారి తొక్కిన తొలివారిలో నళినీ మలానీ ఒకరు. 1998లో పోఖ్రాన్ అణుపరీక్షల తరువాత ఆమె చేసిన 'రిమెంబరింగ్ టోబా టేక్ సింగ్'కి ఆధారం దేశ విభజన మీద మంటో రాసిన కథ. అందులో ఎదురెదురు గోడల మీద ఇద్దరు స్త్రీలు. ఒకే చీరని ఆ చివర ఒకరూ ఈ చివర ఒకరూ పట్టుకుని మడతపెట్టాలని ప్రయత్నిస్తుంటారు. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో మనం నడుస్తుంటాం. చీర మడతపెట్టడానికి అవతలి మనిషి కావాలన్న సంగతి మన ఇళ్లలో ఎవరికి తెలియదు? రెండు దేశాల కథని ఆమె ఆ చిన్న పనిలో పెట్టేసింది.

మాట కానిదంతా ఒకటి కాదు

నేను తీసుకున్న విషయాన్ని పుస్తకాల్లో అశాబ్దిక సంభాషణ అంటారు. తేలిగ్గా మాటలేని మాట అనుకుందాం. దీని మీద చదవడం మొదలుపెట్టాక, నాకు తెలుసుననుకున్నవి చాలావరకు తప్పులని తేలింది. వాటిలో కొన్ని మీకూ ఉపయోగపడవచ్చు.

మొదటిది. పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులు చెప్పేవారంతా ఒక లెక్క చెబుతారు: మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతమే, గొంతుది 38, మొహానిది 55 అని. మీరూ నోట్సులో రాసుకునే ఉంటారు. ఈ లెక్క 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అచ్చువేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. ఆ ప్రయోగాల్లో ఒక విడి మాటని రకరకాల గొంతుల్లో వినిపించి, మొహాల ఫోటోలు చూపించి, ఈ మనిషికి ఎదుటివారంటే ఇష్టమా అయిష్టమా అని అడిగారు. ఇష్టాయిష్టాల వరకే ఆ లెక్క. మిగతా సంభాషణకంతటికీ దాన్ని అంటగట్టవద్దని ఆయనే చెప్పాడు. నిజంగా మాటల వాటా 7 శాతమే అయితే, కెమిస్ట్రీ లెక్చరర్ గారు తెలుగులో చెప్పినా చైనా భాషలో చెప్పినా మనకి 93 శాతం అర్థమై తీరాలి!

రెండవది. బధిరుల సంజ్ఞా భాష మాటలేని మాట కాదు. నేనూ మొదట దాన్ని ఇందులో చేర్చాలనుకున్నాను. 1960లో అమెరికాలో విలియం స్టోకీ అనే ఆచార్యుడు, ఆ భాషకి తనదైన నిర్మాణం ఉందని నిరూపించాడు. తెలుగుకి వ్యాకరణం ఉన్నట్టే దానికీ ఉంది. మన దేశంలో భారతీయ సంజ్ఞా భాషకి 2015లో ఢిల్లీలో ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. 2018లో 3,000 పదాలతో నిఘంటువు వచ్చింది. ఆ చేతులు చేసేది సైగ కాదు, అచ్చమైన మాట. అందుచేత దాన్ని నా గదిలోంచి గౌరవంగా తప్పించాను.

మూడవది. మొహంలో భావాలు ప్రపంచమంతటా ఒక్కటేనా? పాల్ ఎక్మన్ అనే శాస్త్రవేత్త 1960ల చివర పాపువా న్యూగినీ కొండల్లోని ఫోరే ప్రజలకి ఫోటోలు చూపించి, కోపం, భయం, దుఃఖం వంటివి అందరికీ సమానమేనన్నాడు. తరువాత వచ్చినవారు, ఎంచుకోవడానికి ముందే జాబితా ఇవ్వకుండా అడిగితే అంత ఏకాభిప్రాయం రావడం లేదని చూపించారు. ఆ వాదం ఇంకా నడుస్తూనే ఉంది. సైగల సంగతైతే వాదమే అక్కర్లేదు. మనం తల పక్కలకి ఊపితే "సరే" అని, "వింటున్నాను" అని, ఒక్కోసారి "చూద్దాంలే" అని. బయటి దేశం నుంచి వచ్చినవాడు దాన్ని "కాదు" అనుకుంటాడు. బల్గేరియాలో తల పైకీ కిందకీ ఊపడమే "కాదు".

ఇక మన వైపు పశువుల సంతల్లో నడిచిన బేరం సంగతి పెద్దవాళ్లకి తెలుసు. కొనేవాడూ దళారీ చేతులు కలుపుకుని, పైన తువ్వాలు కప్పి, కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకోవడం. చుట్టూ ఇరవైమంది నిలబడినా ధర ఇద్దరికే తెలుస్తుంది. అక్కడ సైగ అందరికీ అర్థం కావడానికి కాదు, ఒక్కరికి తప్ప ఎవరికీ అర్థం కాకుండా ఉండటానికి!

వీటన్నిటినీ బట్టి నాకు ఒకటి అనిపించింది. సైగలకి ఒక నిఘంటువు రాసి గోడకి అంటించడం వల్ల ఏమీ లాభం లేదు. మరి గదిలో ఏం పెట్టాలి? ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ బందరు రోడ్డు ఎక్కాను.

కూచిపూడి దారిలో

మన ఊరి నుంచి బందరు రోడ్డు మీద వెళ్లి, పామర్రు దగ్గర చల్లపల్లి వైపు తిరిగితే కూచిపూడి. ఈ దారికీ నా విషయానికీ ఉన్న పాత చుట్టరికం వెళ్లేముందు చదువుకుంటుంటే తెలిసింది.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి పేరు మనం 1921 నాటి చీరాల పేరాల ఉద్యమం పాఠంలో చదువుకున్నాం. ఆంధ్రరత్న, రామదండు నాయకుడు. అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో 1889లో పుట్టి, ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చి, బందరు జాతీయ కళాశాలలో కూడా పనిచేసిన మనిషి. ఆయనే 1917లో ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి 'అభినయ దర్పణం' సంస్కృతం నుంచి ఇంగ్లీషులోకి అనువదించాడని మనలో ఎందరికి తెలుసు? 'ది మిర్రర్ ఆఫ్ గెశ్చర్' అనే పేరుతో దాన్ని అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారి ముద్రణాలయం అచ్చువేసింది. మన నాట్యంలోని చేతుల సంగతి చెప్పమని గోర్డన్ క్రెయిగ్ అనే ఇంగ్లీషు రంగస్థల దర్శకుడు మాటిమాటికీ అడగడం దానికి ఒక ప్రేరణ. అంటే, చేతులు ఏం చెబుతాయన్న ప్రశ్నకి వందేళ్ల క్రితమే మన జిల్లావాడొకడు ప్రపంచానికి జవాబు అందించాడన్నమాట.

ఆ గ్రంథంలో ఒంటి చేతితో పట్టే ముద్రలు 28. తలకి 9 కదలికలు, చూపులు 8, మెడకి 4. మొదటి ముద్ర పతాకం. నాలుగు వేళ్లూ చేర్చి చాపి, బొటనవేలు కొంచెం వంచితే పతాకం. అందరం రోజూ పట్టేదే. దానికి గ్రంథం చెప్పిన వాడుకలు నలభై దాకా ఉన్నాయి. మబ్బు, అడవి, రాత్రి, నది, అల, గాలి, తలుపు మూయడం, ఒట్టు పెట్టడం, మౌనం, తాటాకు, నెల, సంవత్సరం... అందులోనే "వద్దు" ఉంది. అందులోనే "దీవెన" కూడా ఉంది. ఒకటే అరచెయ్యి ఒకచోట తోసేస్తుంది, ఒకచోట దగ్గరికి తీసుకుంటుంది.

కూచిపూడిలో ఒక పెద్ద మాస్టారు అరుగు మీద కూర్చోబెట్టుకుని ఇదే చేసి చూపించారు. "చూడు అమ్మాయీ, చెయ్యి ఒకటే. ఇదిగో వద్దన్నాను. ఇదిగో దీవించాను. ఏం మారింది?" అన్నారు. నాలుగుసార్లు చూశాక గాని నాకు పట్టుబడలేదు. చూపు మారింది. చెయ్యి కదలడానికి అరక్షణం ముందే కన్ను అక్కడికి వెళ్లి కూర్చుంటోంది. చెయ్యి వెంట చూపూ, చూపు వెంట మనసూ వెళ్లాలని శాస్త్రం చెప్పిందట. "మరి చూసేవాడో?" అన్నాను. "వాడి మనసు కూడా రావాలి. రాకపోతే నేను గాలిలో చెయ్యి ఆడించినట్టే" అని నవ్వారు.

కూచిపూడి వారి భామాకలాపం చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. సత్యభామ రాకముందు తెర పట్టుకుంటారు. ఆ తెర మీదుగా ఆమె జడ ఇవతలికి పడుతుంది. మనిషి లేదు, మాట లేదు, జడ ఒక్కటే. నన్ను మించినవారెవరైనా ఉంటే రండి అని సవాలు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు (1935-2012) మగవారై ఉండి సత్యభామగా ఆ జడతో ఎంత కథ నడిపించారో మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. నిజానికి కూచిపూడిలో పాత్రలు నోరు విప్పి మాట్లాడతాయి కూడా. కాని మాట వచ్చే సరికి పని సగం అయిపోయి ఉంటుంది.

సినిమాలో ఈ పని చేసి చూపించినవారు సింగీతం శ్రీనివాసరావు గారు. 1987లో వచ్చిన 'పుష్పక విమానం'లో చప్పుళ్లున్నాయి, సంగీతముంది, సంభాషణ మాత్రం లేదు. నాయికా నాయకులు సైగలతోనే ప్రేమించుకుంటారు. చివర విడిపోయేటప్పుడు ఆ అమ్మాయి తన అడ్రసు కాగితం మీద రాసి గులాబీ పువ్వుతో విసిరితే, పువ్వు అందుతుంది, కాగితం గాలికి పోతుంది. సినిమా అంతా సైగలు ఎక్కడా తప్పిపోలేదు. నమ్ముకున్న అక్షరాలే పోయాయి!

అమ్మమ్మ చెయ్యి

ఇంతవరకు చెప్పినవి చదివి, చూసి తెలుసుకున్నవి. అసలు ఈ పని ఎందుకు మొదలుపెట్టానో ఇప్పుడు చెబుతాను.

రెండేళ్ల క్రితం మా అమ్మమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఒక్క మాట మిగిలింది: "అదే". నీళ్లు కావాలన్నా "అదే", ఫ్యాను కట్టమన్నా "అదే", కోపమొచ్చినా "అదే". చూడటానికి వచ్చినవాళ్లు ఆమె ముందే, "మతి కూడా పోయినట్టుంది పాపం" అనేవారు. మేమూ కాదనలేదు.

బెజవాడలో మాట నేర్పించే డాక్టరమ్మ గారు మాకు గడ్డి పెట్టినంత పని చేశారు. మాట పోవడం వేరు, బుద్ధి పోవడం వేరు అన్నారు. మెదడులో ఎడమ పక్కన మాటని పలికించే చోటు దెబ్బతింటే ఇలా అవుతుందట. దీన్ని అఫేజియా అంటారు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు ఆ చోటుని గుర్తించింది, "టాన్" అనే ఒక్క శబ్దం తప్ప మరేదీ పలకలేని ఒక రోగిని పరీక్షించిన మీదటనే. ఆ ఎడమ భాగమే కుడి చేతిని కూడా నడుపుతుంది గనుక, చాలామందికి మాటా, కుడి చెయ్యీ కలిసే పోతాయి.

ఒకసారి అమ్మమ్మ ఎడమ చేతి వేళ్లు మూడు చూపించి "అదే, అదే" అనడం మొదలుపెట్టింది. మూడు పూటల మందు అనుకుని మాత్ర ఇచ్చాం. గ్లాసు తోసేసింది. మూడు గంటలైందని టీ ఇచ్చాం. మొహం తిప్పేసింది. నాలుగు రోజులు ఇదే వరస. గుడివాడ నుంచి అత్తయ్య వచ్చి, మంచం మీద పక్కన కూర్చుని, తొందరపడకుండా ఒక్కొక్కటే అడిగింది. "మూడు మాత్రలా అత్తయ్యా? కాదా? మూడో తారీఖా? కాదా? మూడోవాడా?" అమ్మమ్మ కళ్లు మూసుకుంది. కన్నీళ్లు కారాయి. మా మూడో మామయ్యకి ఆపరేషన్ అయిందన్న సంగతి ఆమెకి తెలియనివ్వకూడదని మేమంతా దాచిపెట్టాం. మా మొహాలు చూసి ఆమె ఎప్పుడో కనిపెట్టేసింది. మాటలున్న మేము దాచలేకపోయాం. మాటలేని ఆమె అడగగలిగింది. మధ్యలో నాలుగు రోజులు మాకు అర్థం కాకపోవడం ఆమె లోపం కాదు, అడగకుండా ఊహించేసుకోవడం మా లోపం.

నా విషయం నాకు దొరికింది అక్కడే. సైగకి అర్థం చేతిలో మాత్రమే ఉండదు. ఎదుటి మనిషి ఆగి, "ఇదా? కాదా?" అని సరిచూసుకోవడంలో ఉంటుంది.

ఇంకొకటి జరిగింది. నేను హైదరాబాదు బయల్దేరుతూ కాళ్లకి దణ్ణం పెట్టాను. పెద్దలు కుడి చేత్తో దీవించాలి గదా. ఆమెకి మిగిలింది ఎడమ చెయ్యి. ఎడమ చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది. తరువాత ఆ ఎడమ చేత్తో, కదలని కుడి చేతిని మణికట్టు దగ్గర పట్టి ఎత్తి, నా తల మీద పెట్టింది. పతాకం. వేళ్లు పూర్తిగా చాచుకోని పతాకం.

ఆ మరుసటి సెలవుల్లో మళ్లీ అలాగే దీవిస్తుంటే ఫోను కెమెరా పెట్టి తీసేశాను. అడగలేదు. ఆ రోజు సాయంత్రం ఆ బొమ్మ ఆమెకి చూపించాను. ఆమె పైట చెంగుతో వంకర పోయిన మూతిని కప్పుకుని, ఎడమ అరచెయ్యి నా వైపు నిలబెట్టింది. వద్దు. అదే పతాకం! నేను సిగ్గుపడి ఫోను పక్కన పెట్టాను. తరువాత అత్తయ్య పద్ధతిలో అడిగాను. "మొహం వద్దా అమ్మమ్మా?" కళ్లు మూసి తెరిచింది. "చెయ్యి కూడా వద్దా?" చాలాసేపు ఊరుకుంది. కుడి చేతిని ఎత్తి దుప్పటి మీద పరిచి, అలాగే ఉంచింది. సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదోనని మరో రెండు రోజులు, వేర్వేరు వేళల్లో అదే ప్రశ్న అడిగాను. రెండుసార్లూ చేతిని అలాగే దుప్పటి మీద పెట్టింది. అప్పుడు గాని మొదలుపెట్టలేదు. మొదట తీసిన బొమ్మ చెరిపేశాను.

గది ఎలా కడుతున్నాను

ఇకపోతే పని సంగతి. చీకటి చేసిన ఒక గది కావాలి. 18 అడుగులకి 24 అడుగులుంటే చాలు. అందులో మూడు బొమ్మలు.

ఒక గోడ మీద మన ఊరి చేతులు. కూరగాయలు తూచే చెయ్యి, బస్సు ఎక్కినవారికి కిటికీ కిందనుంచి ఊపే చెయ్యి, ఫోనులో అవతలివారికి కనబడకపోయినా గాలిలో తిరిగే చెయ్యి. ఈ చివరిది నాకు మొదట విచిత్రమనిపించింది. 1998లో ఇద్దరు పరిశోధకులు, పుట్టుకతో చూపులేనివారు కూడా మాట్లాడేటప్పుడు చేతులు కదుపుతారని, వినేవారికి చూపు లేదని తెలిసినా కదుపుతారని చూపించారు. అంటే చెయ్యి ఎదుటివాడికి చెప్పడానికే కాదు, మన ఆలోచనకి కూడా ఊతం. కాని అది ఎదుటివారికి అందాలంటే మాత్రం చూసేవారు కావాలి. అడిగి, ఒప్పుకున్నవారి చేతులే తీశాను.

రెండవ గోడ మీద మాస్టారి పతాకం ఒక్కటే. పదే పదే వస్తుంది. కొన్నిసార్లు చెయ్యి మాత్రమే, కొన్నిసార్లు చెయ్యీ చూపూ. చూపు లేనప్పుడు అర్థం ఎటు పోతుందో చూసేవారికే తెలియాలి.

ఈ రెండు గోడల మీదా కదలికలు నెమ్మదిగా సాగుతాయి. దానికి కిటుకు పెద్దదేమీ కాదు. ఫోను కెమెరాతో సెకనుకి 240 బొమ్మలు తీసి, సెకనుకి 24 చొప్పున నడిపిస్తే కాలం పదింతలు సాగుతుంది. నాలుగు సెకన్ల చూపు నలభై సెకన్లవుతుంది. 2024లో కన్నుమూసిన అమెరికన్ కళాకారుడు బిల్ వయోలా, 1995 వెనిస్ ప్రదర్శనకి చేసిన 'ది గ్రీటింగ్'లో ముగ్గురు స్త్రీల ముప్పావు నిమిషం పలకరింపుని పది నిమిషాల దాకా సాగదీశాడు. కౌగిలికి ముందు వచ్చే చిన్న సంకోచం, పక్కనున్న స్త్రీ మొహంలో మెరిసి పోయే చిన్నబుచ్చుకోవడం మామూలు వేగంలో మనకి కనబడవు. ఈ పనిలో నాకొక పాఠం కూడా అయింది. ఇంట్లో ట్యూబులైటు కింద తీస్తే బొమ్మంతా మిణుకుమిణుకుమంటోంది. మన కరెంటు సెకనుకి 50 ఆవృత్తాలు గనుక లైటు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. కన్ను పట్టలేని దాన్ని కెమెరా పట్టేస్తుంది. దాంతో అన్నీ పొద్దున పూట అరుగు మీద ఎండ వెలుతురులోనే మళ్లీ తీశాను.

మూడవది గోడ మీద కాదు. ఒక నవారు మంచం, దాని మీద తెల్ల దుప్పటి. పైన దూలానికి కట్టిన చిన్న ప్రొజెక్టరు నుంచి అమ్మమ్మ చెయ్యి ఆ దుప్పటి మీద పడుతుంది. అసలు చెయ్యి ఎంతుంటుందో అంతే సైజు, అసలు వేగమే. గోడంత పెద్దది చేస్తే అందరూ దూరం నుంచే చూసి వెళ్లిపోతారు. ఎడ్వర్డ్ హాల్ అనే మానవశాస్త్రవేత్త 1966లో రాసిన పుస్తకంలో మనుషుల మధ్య దూరాలకి కొలతలు చెప్పాడు. అడుగున్నర లోపల ఆత్మీయులు, నాలుగడుగుల దాకా స్నేహితులు, ఆ పైన మిగతా లోకం. ఆ చెయ్యి ఏమంటోందో తెలియాలంటే ఆ అడుగున్నర లోపలికి రావాలి, అనగా మంచం పక్కన పీట మీద కూర్చోవాలి. అత్తయ్య కూర్చున్నట్టు.

ప్రొజెక్టర్ల విషయంలో ఒక చిక్కొచ్చింది. నా దగ్గరున్న రకానికి ఆరడుగుల వెడల్పు బొమ్మ రావాలంటే తొమ్మిదడుగుల దూరం కావాలి. మధ్యలో మనుషులు నడిస్తే వాళ్ల నీడ గోడ మీద పడుతుంది. ముందు దీన్ని తప్పించాలని రెండు వారాలు తంటాలు పడ్డాను. ఒకసారి మా తమ్ముడు అడ్డంగా వచ్చి నిలబడితే, వాడి చెయ్యి నీడ మాస్టారి చెయ్యి పక్కన పడింది. వాడు ఊరుకోలేక తన చెయ్యీ అలాగే పట్టాడు. అంతే, తప్పించడం మానేశాను. ఇప్పుడు ప్రొజెక్టర్లని కావాలనే కిందికి దించాను. ఎవరొచ్చినా వాళ్ల చెయ్యి కూడా బొమ్మలో పడవలసిందే.

మాటలన్నీ తీసేశాను. బస్సు హారను, గుడ్డ దులిపిన చప్పుడు, పిచ్చుకలు, అంతే. అమ్మమ్మ "అదే" కూడా పెట్టలేదు. ఆమె కప్పుకున్నది మూతిని గదా. ఆ గొంతు కూడా అందులోదేననుకున్నాను.

బయటికి వచ్చే చోట ఒక నోటు పుస్తకం ఉంటుంది. "మంచం మీది చెయ్యి మీతో ఏమంది?" అని ఒక్క ప్రశ్న. దానికి సరైన జవాబంటూ ఏమీ అచ్చువేయలేదు. ఏమిటో తెలుసుకోవాలని అనిపించినవాళ్లు పక్కన కూర్చున్న నన్ను అడగవచ్చు. అడిగితేనే చెబుతాను. అడగడమే ఆ గదిలో చివరి మెట్టు.

మిత్రులారా! ఈ పనంతా అయ్యాక నాకు మార్కులెన్ని వస్తాయో తెలియదు. కాని మన ఇళ్లలో మంచాన పడి మాట పోయినవాళ్లున్నారు. మాట ఉండీ పెదవి విప్పనివాళ్లున్నారు. క్లాసులో ఆఖరి బెంచీలో కూర్చుని "బాగానే ఉన్నాను సార్" అనేవాళ్లున్నారు. వాళ్లంతా ఏదో ఒక విధంగా చెబుతూనే ఉన్నారు. వేళ్లు మూడు చూపిస్తే మాత్ర ఇచ్చి ఊరుకోకండి. పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడగండి.

కాలేజీ వార్షికోత్సవానికి పాత రీడింగ్ రూము రెండు రోజులు ఇస్తామని యూనియన్ వారు మాటిచ్చారు. కిటికీలకి నల్ల గుడ్డ కట్టుకోవడం నా వంతు. మొట్టమొదట పిలవబోయేది బస్టాండులో కనిపించిన మా సార్‌నే. చూశాక ఆయన తల ఎలా ఊపుతారో, ఈసారి ఊహించను. అడుగుతాను.